పాప బరువు దించడానికి నీళ్లు మాన్పించమంటున్నారు, ఏం చేయాలి?

నిజామాబాద్ నాన్న:
మా పాపకు 15 ఏళ్లు, బాక్సింగ్ చేస్తుంది. బరువు 50.6 కేజీలు. కోచ్ సారు 48 కేజీల కేటగిరీలో దింపుదామంటున్నారు. పోటీకి ఆరు రోజులే ఉంది. ఎండలో రెయిన్‌కోటు వేసి పరుగెత్తిస్తున్నారు, చివరి రోజు నీళ్లు కూడా వద్దట. "బాక్సర్ నిఖత్ జరీన్ కూడా ఇట్లనే చేసింది" అన్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

పాత పహిల్వాన్:
అన్నా, నేనూ ఇదే చేసినవాణ్ణే. బరువు చూసేరోజు పొద్దున నాలుక అంగిలికి అతుక్కుపోయేది. ఆరు రోజుల్లో పోయేది కొవ్వు కాదు, ఎక్కువ నీళ్లే. లీటరు పోతే కేజీ. రెయిన్‌కోటులో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, లోపల వేడి పెరిగిపోతుంది.

నిఖత్ మాట తెచ్చారు కాబట్టి చెప్తున్నా. 2022లో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది 52 కేజీల్లో. ఒలింపిక్స్‌లో ఆ కేటగిరీ లేక 50కి దిగింది. పారిస్‌లో ఓడాక, రెండు రోజులు తిండి లేదని, బరువు చూశాకే నీళ్లు తాగానని ఆమే చెప్పింది. అదేనా మన పిల్లలకు పాఠం?

రూల్ రూలే:
పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ 50 కేజీల ఫైనల్ రోజు 100 గ్రాములు ఎక్కువుందని వినేశ్ ఫోగట్‌ను తప్పించారు కదా, ఆ 100 గ్రాములు వదిలేసి ఉంటే తర్వాత 200 అడిగేవాళ్లు. గీత గీశాక గీతే. అందరికీ ఒకే కాటా.

పాత పహిల్వాన్:
కాటాను తప్పుపట్టట్లేదు తమ్ముడూ. మొదటిరోజు మూడు కుస్తీలు గెలిచాక ఆమె 52.7కి చేరింది. రాత్రంతా ఆవిరిగది, పరుగు, చివరికి జుట్టు కూడా కత్తిరించారు. అయినా 100 గ్రాములు మిగిలింది. అవతలి అమ్మాయిలూ బరువు దించే వస్తారు, అంటే బరిలో మళ్లీ అదే సైజు మనిషే ఎదురు. ఎండిపోయింది మాత్రం ఇద్దరూ. ఇందులో న్యాయం ఎవరికి దక్కినట్టు?

1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు నెల రోజులు అటూఇటూగా ఇలాగే బరువు దించుతూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ రబ్బరు సూట్లు నిషేధించారు, బరువు చూసే సమయాన్ని పోటీకి దగ్గరగా జరిపారు. ఒంట్లో నీళ్లున్నాయో లేదో మూత్రం పరీక్ష చేశాకే కనీస బరువు తేలుస్తారు. మన ఊళ్లలో కాటా ఒక్కటే ఉంది.

పైగా మీ పాపది బాక్సింగ్. ఎండిన ఒంటితో తలకు దెబ్బ తగిలితే? 50 పైన కేటగిరీలోనే ఆడించండి.

నిజామాబాద్ నాన్న:
పై కేటగిరీలోనే పేరివ్వమని సారుకు చెప్పాను. "అక్కడ మెడల్ రాదు" అన్నారు. రాకపోతే రాకపాయె. పాప రాత్రి పెరుగన్నం తిని పడుకుంది. సారు పొద్దుట్నుంచి ఫోన్ ఎత్తట్లేదు.