ఎఫ్-150కి సీబీ యాంటెనా: మాగ్నెట్ అంటుకోవడం లేదు, ఏది కొని ఎక్కడ బిగించాలి?

ఫ్రిస్కో_పికప్

అందరికీ నమస్తే. జూలైలో మేం నాలుగు బళ్లలో పిల్లాపాపలతో కొలరాడో వెళ్తున్నాం, యూరే, సిల్వర్టన్, లేక్ సిటీలను కలిపే ఆల్పైన్ లూప్ మట్టిదారి ఎక్కాలని ప్లాన్. పైన చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. పోయినేడాది ఇంకో కొండదారిలో మా వెనక బండి టైరు కోసుకుపోయి ఆగిపోతే ముందున్న మాకు ముప్పావుగంట దాకా తెలియలేదు, అందులో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే ఈసారి అందరం సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియోలు కొన్నాం, ఫోన్ సిగ్నల్ లేకపోయినా బండి నుంచి బండికి మాట్లాడుకునేవి.

మిగతా మూడూ జీప్ రాంగ్లర్లు, వెనక స్టెప్నీ దగ్గర బ్రాకెట్ బిగించుకున్నారు, వాళ్ల పని అయిపోయింది. నాది 2018 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు. ఏ బండికైనా పనికొస్తుందని షాపులో చెబితే మాగ్నెట్ యాంటెనా తెచ్చాను, ఇంటికొచ్చి టాప్ మీద పెడితే అంటుకోకుండా జారిపోయింది. తర్వాత చదివితే తెలిసింది, 2015 మోడల్ నుంచి దీని బాడీ అల్యూమినియం అట.

బాడీకి రంధ్రం చేయడం నాకు ఇష్టం లేదు. గరాజ్ తలుపు ఎత్తు 7 అడుగులే. మూడడుగులది కొనాలా, నాలుగడుగులదా? పెద్ద ట్రక్కులకున్నట్టు రెండు పెడితే ఇంకా దూరం వెళ్తుందా? నేను హెచ్1బీ మీద ఉన్నాను, లైసెన్స్ లాంటిదేమైనా కావాలా అన్నది కూడా చెప్పండి.

తల్సా_ట్రక్కర్

తమ్ముడూ, ముందు లైసెన్స్ సంగతి. సీబీకి అమెరికాలో లైసెన్స్ అక్కర్లేదు, నీ హెచ్1బీతో ఇబ్బంది లేదు. 40 ఛానళ్లు ఉంటాయి, 9 ఎమర్జెన్సీకి వదిలేయాలి, 19లో మా ట్రక్కువాళ్లం ఉంటాం, మీ నలుగురూ ఇంకేదైనా పట్టుకోండి.

రెండు యాంటెనాలు మాత్రం వద్దు. మాకు రెండెందుకంటే వెనక ట్రెయిలర్ పెద్ద గోడలా అడ్డంగా ఉంటుంది, అద్దాలకి చెరోవైపు ఒకటి పెడితే వాటి మధ్య ఎనిమిది అడుగుల దాకా దూరం వస్తుంది, సిగ్నల్ రోడ్డు వెంబడి ముందుకీ వెనక్కీ బాగా పోతుంది. నీ పికప్‌కి అంత వెడల్పు లేదు, పైగా నీకు కావాల్సింది అన్ని వైపులా వినపడటం, కొండ మలుపుల్లో ముందు బండి ఏ పక్కన ఉంటుందో ఎవరికి తెలుసు. ఆ డబ్బుతో ఒక్కటే మంచిది కొను.

నాలుగడుగుల ఫైబర్‌గ్లాస్ తీసుకో, చివర స్క్రూ తిప్పి ట్యూన్ చేసుకునే రకం. నేనైతే సైడ్ అద్దం బ్రాకెట్‌కే బిగిస్తాను, తీయడం పెట్టడం సులువు.

హ్యూస్టన్_హామ్

ట్రక్కర్ గారు రెండు యాంటెనాల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అద్దం విషయంలో మాత్రం ఒప్పుకోలేను. మీ ట్రక్కు అద్దాలకి ఇనుప చట్రం ఉంటుంది, ఎఫ్-150 అద్దం బయటికి ప్లాస్టిక్ గుల్ల. అక్కడ బిగిస్తే యాంటెనాకి గ్రౌండ్, అంటే బండి లోహంతో గట్టి కనెక్షన్, దొరకదు. గ్రౌండ్ లేకపోతే ఎంత ఖరీదైన యాంటెనా అయినా దండగే.

ఫ్రిస్కో గారూ, బ్రాండ్ గురించి ఆలోచించే ముందు ఇది చూడండి. సీబీ 27 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అంటే అల పొడవు 11 మీటర్లు. అందులో నాలుగో వంతు, దాదాపు 9 అడుగులు, యాంటెనాకి సహజమైన పొడవు. 102 అంగుళాల స్టీల్ విప్ (సన్నటి కడ్డీ యాంటెనా), కింద ఒక స్ప్రింగ్ పెట్టి వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పనితనంలో దానికి సాటి లేదు, కానీ చెట్లున్న దారిలో, గరాజ్‌లో దాంతో వేగలేం. మిగతా పొట్టివన్నీ లోపల తీగని చుట్టలు చుట్టి ఆ పొడవు ఉన్నట్టు చేసేవే. పొట్టిగా అయ్యేకొద్దీ దూరం తగ్గుతుంది, ఒకసారి చేసిన ట్యూనింగ్ తక్కువ ఛానళ్లకే సరిపోతుంది. అందుకే మూడడుగులది కాకుండా నాలుగడుగులదే నా ఓటు కూడా.

బాడీ లోహం యాంటెనాకి రెండో సగంలా పనిచేస్తుంది. అల్యూమినియంకి అయస్కాంతం అంటుకోదంతే, కరెంటుని అది ఉక్కు కన్నా బాగా పంపుతుంది. కాబట్టి మీ బండి బాడీతో ఇబ్బంది ఏమీ లేదు, గట్టిగా బోల్టుతో బిగించే దారి వెతకాలి. హుడ్ (బానెట్) పక్కన, ముందు చక్రం మీదుండే ఫెండర్‌కి ఇప్పటికే ఉన్న బోల్టులనే వాడుకుని బిగించే బ్రాకెట్లు ఈ మోడల్‌కి దొరుకుతాయి, రంధ్రం అక్కర్లేదు. అక్కడి నుంచి నాలుగడుగులది పెడితే పై భాగం టాప్ కన్నా ఎత్తులో ఉంటుంది, అది ముఖ్యం. వెనక సామాను పెట్టే బెడ్ గోడకి తక్కువ ఎత్తులో బిగిస్తే క్యాబిన్ అడ్డొచ్చి ముందువైపు వినపడటం తగ్గుతుంది. గరాజ్ కోసం నొక్కి తిప్పితే ఊడొచ్చే క్విక్ డిస్‌కనెక్ట్ ముక్క ఒకటి కింద వేసుకోండి.

గ్రౌండ్ లేనిచోట వాడే నో గ్రౌండ్ ప్లేన్ కిట్లు అని అమ్ముతారు. ఫైబర్‌గ్లాస్ మోటర్‌హోములకి అవి అవసరం, మీకు కాదు.

రేడియో పవర్ వైర్లని బ్యాటరీకే నేరుగా, ఫ్యూజు వేసి ఇవ్వండి. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీస్తే ఇంజిన్ గోల వినపడొచ్చు. కేబుల్ మిగిలితే గుండ్రంగా బిగుతుగా చుట్టి సీటు కింద తోసేయకండి, వదులుగా అటూ ఇటూ మడిచి పెట్టండి. కేబుల్ తలుపు సందులో నలగకుండా ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) రబ్బరు గుండా లోపలికి తీయండి.

ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ తప్పకుండా కొనండి, యాంటెనా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపేది అదే, అంకె 1కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. అది చూడకుండా రేడియో బటన్ నొక్కి మాట్లాడకండి, రేడియో లోపలి ట్రాన్సిస్టర్ పోవచ్చు.

డెన్వర్_జీప్

ఆ లూప్ నేను రెండుసార్లు చేశాను. ఇంజినీర్ పాస్, సినమన్ పాస్ రెండూ 12 వేల అడుగులు దాటతాయి, పైన చెట్లే ఉండవు కాబట్టి మాట బాగానే వెళ్తుంది, కింద లోయ మలుపుల్లో మాత్రం మధ్యలో కొండ వస్తే మైలు కూడా కష్టమే. సీబీకి ఏఎంలో 4 వాట్లే చట్టం, యాంప్లిఫయర్ పెట్టడం నేరం, కాబట్టి మన చేతిలో ఉన్నది యాంటెనా ఒక్కటే.

ఇంకా కొననివాళ్లు చదువుతుంటే ఒక మాట. జీఎంఆర్ఎస్ (లైసెన్స్‌తో వాడే ఇంకో రకం రేడియో) కూడా ఆలోచించండి. 35 డాలర్లు కడితే పదేళ్ల లైసెన్స్, పరీక్ష లేదు, ఇంట్లో వాళ్లందరికీ అదే సరిపోతుంది, 18 నిండితే చాలు, పౌరసత్వం అడగరు. యాంటెనా కూడా చిన్నది. ఎఫ్ఎం కాబట్టి శబ్దం శుభ్రంగా ఉంటుంది. ఈ మధ్య సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న రోజుల్లో సీబీలో పగలు వేల మైళ్ల అవతలి గొంతులు వచ్చి పక్క బండి మాటని ముంచేసేవి, నాకు అదే విసుగొచ్చి మారాను. ఫ్రిస్కో గారి బృందం ఇప్పటికే నాలుగు సీబీలు కొనేసింది కాబట్టి ఈ ట్రిప్పుకి దాన్నే చక్కగా బిగించుకోవడం మంచిది.

ఫ్రిస్కో_పికప్

అన్నా, హామ్ గారూ, డెన్వర్ గారూ, చాలా థాంక్స్. ఫెండర్ బ్రాకెట్, నాలుగడుగుల ఫైబర్‌గ్లాస్, స్ప్రింగ్, మీటర్ అన్నీ వచ్చాయి, శనివారం బిగించాను. ఒక్కసారి చూస్తే మీటరులో 1, 20, 40 మూడు ఛానళ్లలోనూ 3 పైనే చూపిస్తోంది. వెంటనే ఆపేశాను. యాంటెనానే పాడైందా?

హ్యూస్టన్_హామ్

ఆపేసి మంచి పని చేశారు. అన్ని ఛానళ్లలోనూ ఎక్కువ ఉందంటే ముందు అనుమానించాల్సింది గ్రౌండ్‌ని, లేదా కేబుల్ చివర షార్ట్ అయిందేమో చూడాలి. 3 అంటే పంపిన పవర్‌లో పావు వంతు వెనక్కి వస్తోందన్నమాట. మల్టీమీటర్‌తో బ్రాకెట్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య ఓమ్స్ చూడండి, సున్నాకి దగ్గరగా రావాలి. రాకపోతే బోల్టు కింద పెయింట్ గీకి, పళ్లున్న వాషర్ వేసి వెంటనే బిగించండి, అల్యూమినియం గాలి తగిలితే త్వరగా పొర కడుతుంది. పైన కొంచెం గ్రీజు రాయండి, వాన నీళ్లు చేరవు. మీటర్ చూసేటప్పుడు గరాజ్‌లో కాకుండా ఖాళీ చోట, తలుపులూ హుడ్ మూసి చూడాలి.

ఫ్రిస్కో_పికప్

పెయింటే! అటు ఇటు కలిపి 40 ఓమ్స్ పైన చూపించింది, గీకాక సున్నాకి వచ్చింది. ఇప్పుడు ఛానల్ 1లో 1.5, 20లో 1.9, 40లో 2.5.

తల్సా_ట్రక్కర్

40లో ఎక్కువ, 1లో తక్కువ అంటే యాంటెనా పొడవెక్కువ, తమ్ముడూ. చివరి స్క్రూని లోపలికి తిప్పు, ఒక చుట్టు తిప్పి మళ్లీ చూడు, తొందరపడకు. తిరగబడి 1లో ఎక్కువొస్తే బయటికి తిప్పాలి.

ఫ్రిస్కో_పికప్

మూడు చుట్లకి 1.4, 1.2, 1.5 దగ్గర ఆగింది. సాయంత్రం మా ఫ్రెండు జీప్‌తో హైవే మీద పరీక్షించాం, నాలుగు మైళ్ల దాకా ఒక్క మాట కూడా పోకుండా వినపడింది. పోయినేడాది వెనక ఆగిపోయింది వాడి బండే. ఈసారి వరుసలో చివర నేనే ఉంటానని వాడికి చెప్పాను.