ఐ20 ఎన్‌లైన్‌కి టైర్లు: 195 ఉంచాలా, 205 వేయాలా, 15 అంగుళాలకి దిగాలా?

బెల్లందూరు ఎన్‌లైన్:
అందరికీ నమస్కారం. నాది 2021 మోడల్ హ్యుందాయ్ ఐ20 ఎన్‌లైన్, డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్. బండితో వచ్చిన 195/55 ఆర్16 టైర్లు (195 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క ఎత్తు అందులో 55 శాతం, 16 అంగుళాల రిమ్ము) మార్చే టైమొచ్చింది. ముందువి రెండూ అరుగుదల గుర్తు దాకా వచ్చేశాయి, వెనకవి ఇంకొన్నాళ్లు లాగుతాయి. రోజూ అవుటర్ రింగ్ రోడ్డు మీదే ఆఫీసుకి. అమ్మానాన్న తిరుపతిలో ఉంటారు కాబట్టి కోలార్, పలమనేరు, చిత్తూరు మీదుగా తరచూ వెళ్తుంటాం. ఈ బండి కొన్నదే నడపడం ఇష్టమై. 120 పీఎస్ ఇంజనుకి తగ్గట్టు రోడ్డుని పట్టుకునే టైరు కావాలి. 205/55 ఆర్16 వేయించు, అదే రిమ్ముకి ఎక్కుతుంది, చూడ్డానికీ నిండుగా ఉంటుందని ఆఫీసులో ఫ్రెండ్స్ అంటున్నారు. షాపులోనూ అదే మాట. ఇంకో సందేహం, రెండే మార్చాలా నాలుగూ మార్చాలా?

సర్జాపూర్ టర్బో:
ఆలోచించకుండా 205/55 వేయండి బ్రో. నా బండికీ అవే. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) 107 మిల్లీమీటర్ల నుంచి దాదాపు 113కి పెరుగుతుంది, గుంతల్లో ఆ కాస్త మెత్తన తెలుస్తుంది. లోడ్ ఇండెక్స్ కూడా 87 బదులు 91 వస్తుంది, అంటే ఒక్కో టైరు 545 కిలోల బదులు 615 కిలోలు మోస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, వర్టస్, స్లావియా లాంటి సెడాన్లకి వచ్చే సైజు ఇది. ఏ షాపుకి వెళ్లినా రకరకాల మోడళ్లు దొరుకుతాయి. 195/55లో మంచి టైరు అడిగితే వారం ఆగమంటారు.

కేఆర్ పురం మెకానికల్:
షాపువాళ్లు ఈ మాట ఎవరికి చెప్పినా నాకు బాధేస్తుంది. అదే రిమ్ముకి ఎక్కడం వేరు, బండికి నప్పడం వేరు. లెక్క చూద్దాం. 195/55 ఆర్16 మొత్తం ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు, 205/55 అయితే 632. అంటే 1.8 శాతం పెరుగుతుంది. చక్రం ఒక చుట్టుకి అంత ఎక్కువ దూరం పోతుంది కాబట్టి గేర్లన్నీ ఆ మేరకు పొడవైనట్టే, లాగుడు తగ్గుతుంది. టైరు బరువు కూడా సాధారణంగా పెరుగుతుంది, అదీ ఇంజను తిప్పాల్సిన బరువే. టర్బో పంచ్ కోసం కొన్న బండికి చేజేతులా ఈ పని ఎందుకు?

ఇక గ్రిప్ సంగతి. వెడల్పు పెరిగితే రోడ్డుని తాకే వైశాల్యం కూడా అంతే పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ వైశాల్యం ప్రధానంగా చక్రం మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి బట్టి ఉంటుంది. ఆ రెండూ మారకపోతే వైశాల్యంలో పెద్ద తేడా రాదు. ఆకారం మారుతుంది, అడ్డం పెరిగి పొడవు తగ్గుతుంది. పొడి రోడ్డు మీద మలుపుల్లో దానివల్ల కొంత లాభం ఉంది, కాదనను. కానీ వాన నీళ్లలో అదే ఎదురు తిరుగుతుంది. వెడల్పు టైరు తన ముందున్న నీటిని ఎక్కువగా పక్కకి నెట్టాలి. నెట్టలేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, అప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి వినదు. మీరు వెళ్లేది పలమనేరు దాటాక వచ్చే మొగిలి ఘాట్ మీదుగా. అక్కడ ఎన్ని లారీలు బోల్తాపడ్డాయో ఆ దారిలో తిరిగేవాళ్లందరికీ తెలుసు. వానలో ఆ దిగుడు దిగుతుంటే బండిని కాపాడేది రబ్బరు మిశ్రమం, టైరు గాడుల లోతు, సరైన గాలి. పది మిల్లీమీటర్ల వెడల్పు కాదు.

నా సలహా: సైజు మార్చకండి. అదే సైజులో, తడి రోడ్డు మీద పట్టుకునే మంచి టైరు మీద డబ్బు పెట్టండి. కాంటినెంటల్ అల్ట్రాకాంటాక్ట్ యూసీ6, మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ, గుడ్‌ఇయర్ ట్రిపుల్‌మాక్స్ 2, ఈ మూడూ ముందు అడగండి. ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందనేది రెండో ప్రశ్నగానే ఉంచండి.

సర్జాపూర్ టర్బో:
అన్నా, తడి రోడ్డు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటా. కానీ 205/55 ఆర్16తో వచ్చే సెడాన్లన్నీ వానల్లో జారిపోవడం లేదు కదా. పది మిల్లీమీటర్ల తేడాకి మరీ అంత భయం అక్కర్లేదు. నైస్ రోడ్డు ఎక్కే మలుపుల్లో, నంది హిల్స్ ఎక్కేటప్పుడు నా బండి ముందుకన్నా నమ్మకంగా తిరుగుతోంది. ఆ నమ్మకం కోసమే కదా డబ్బు పెట్టేది.

కేఆర్ పురం మెకానికల్:
తమ్ముడూ, ఆ సెడాన్లు ఆ సైజుకే ట్యూన్ అయి వచ్చాయి. సస్పెన్షన్, స్టీరింగ్, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) అన్నీ దాన్నిబట్టే. ఇంకో మాట. నువ్వు అరిగిన పాత టైరు తీసి కొత్త టైరు వేశావు. వచ్చిన తేడాలో వెడల్పు వాటా ఎంత, కొత్త రబ్బరు వాటా ఎంత? అది తేలాలంటే అదే మోడల్‌లో కొత్త 195తో పోల్చి చూడాలి.

అనంతపురం హైవే:
మీరిద్దరూ వెడల్పు గురించి కొట్టుకుంటున్నారు గానీ బెంగళూరు గుంతల గురించి ఎవరూ మాట్లాడరేం? నాది వేరే కంపెనీ హాచ్‌బ్యాక్, ఇదే 195/55 ఆర్16. హెబ్బాళ దగ్గర వాన నీళ్ల కింద గుంత కనపడక దిగినాను. పక్కన ఉబ్బు వచ్చేసింది. ఉబ్బు వచ్చిందంటే సైడ్‌వాల్ లోపల దారాలు తెగినట్టే, దానికి రిపేరు లేదు, టైరు పారేయాల్సిందే. రిమ్ము కూడా వంగింది.

అందుకే నేను 15 అంగుళాల రిమ్ములకి దిగినాను, 185/65 ఆర్15. ఎత్తు లెక్కేయండి, 621.5 మిల్లీమీటర్లు. పాతదానికి దీనికి అర మిల్లీమీటరు తేడా, స్పీడోమీటర్ మారదు, గేర్లు మారవు. సైడ్‌వాల్ మాత్రం 107 నుంచి 120కి పెరిగింది. లోడ్ ఇండెక్స్ 88, అంటే 560 కిలోలు, బరువు మోయడంలోనూ తగ్గలేదు. టైర్లు చవక, ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. కొడికొండ దగ్గర అర్ధరాత్రి టైరు పోయినా ఈ సైజైతే టెన్షన్ లేదు. ఒకటే జాగ్రత్త, 15 రిమ్ము లోపల బ్రేక్ కాలిపర్‌కి (డిస్కుని పట్టి నొక్కే భాగం) తగలకుండా ఉందా అని బిగించే ముందు చక్రం తిప్పి చూడాల. కొన్ని రిమ్ములు తగుల్తాయి.

బెల్లందూరు ఎన్‌లైన్:
ఇది నేను అసలు ఆలోచించలేదన్నా. మలుపుల్లో స్టీరింగ్ మెత్తబడలేదా?

అనంతపురం హైవే:
మెత్తబడింది, అబద్ధం చెప్పను. స్టీరింగ్ తిప్పినాక బండి ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. నాకు ఎన్‌హెచ్ 44 మీద వంద దగ్గర హాయిగా పోతే చాలు. మీకు ఆ చురుకుదనమే కావాలంటే 16 మీదే ఉండండి.

ఇందిరానగర్ డ్రైవ్స్:
రెండా నాలుగా అన్న ప్రశ్న పక్కకి పోయింది. నేను దాని గురించే చెప్తాను, ఎందుకంటే నాకు సైజు గొడవకన్నా ఇదే పెద్ద విషయం. బడ్జెట్ ఉంటే నాలుగూ మార్చండి. రెండే మార్చేట్టయితే కొత్తవి వెనక వేయించండి, ఇప్పుడు వెనక ఉన్నవాటిని ముందుకి తెప్పించండి. దాదాపు ప్రతి టైరు కంపెనీ ఇదే చెబుతుంది. మన దగ్గర చాలా షాపుల్లో మాత్రం అడక్కుండానే ముందు బిగించేస్తారు.

కారణం ఇది. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి నేరుగా పోతుంది. యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారికొస్తుంది, డ్రైవర్‌కి అలవాటైన స్పందనే అది. వెనక చక్రాలు జారితే బండి వెనక భాగం పక్కకి తిరుగుతుంది. అప్పుడు భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందుకి పోయి వెనక ఇంకా తేలికవుతుంది, తిరుగుడు ఎక్కువవుతుంది. ఈఎస్‌సీ (బండి జారకుండా తనంతట తానే బ్రేకులు వేసే వ్యవస్థ) సాయపడుతుంది. కానీ అదీ పనిచేయాల్సింది ఆ టైర్ల పట్టుతోనే.

సర్జాపూర్ టర్బో:
మేడం, ఇది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా. లాగేది ముందు, తిప్పేది ముందు, బ్రేకులో ఎక్కువ పని చేసేది ముందు. మంచి టైరు అక్కడ లేకపోతే ఎలా? వెనకవి ఊరికే దొర్లుతుంటాయి.

ఇందిరానగర్ డ్రైవ్స్:
ఊరికే దొర్లుతున్నట్టు ఉంటాయండీ, కానీ బండిని నిలకడగా ఉంచేది అవే. ముందు పట్టు తగ్గితే స్టీరింగ్‌లో ముందే తెలుస్తుంది, మీరు నెమ్మదిస్తారు. వెనక పట్టు తగ్గితే తెలిసేసరికి ఆలస్యమవుతుంది. పైగా ఆయన ముందు టైర్లు అరుగుదల గుర్తు దాకా వచ్చాయంటున్నారు. ఆ గుర్తు 1.6 మిల్లీమీటర్లు, చట్టం ఒప్పుకునే కనీసం అంతే. కొత్త టైరు మీద దాదాపు 8 ఉంటుంది. వానలకి 3 కన్నా తగ్గకముందే మార్చడం మంచిది. వెనకవి కొలిపించండి. 3, 4 మధ్య ఉంటే నాలుగూ మార్చడమే నయం.

జేసీ రోడ్డు టైర్స్:
నేను టైర్ల వ్యాపారంలో ఉన్నాను, అందుకని ఏ బ్రాండ్ కొనాలో చెప్పను. కొనేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్తాను. 2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతి మీద కేంద్రం ఆంక్షలు పెట్టింది, లైసెన్సు ఉంటేనే తేవాలి. అప్పటినుంచి ఈ సైజుల్లో స్పోర్ట్స్ టైర్లకి కరువొచ్చింది. అడ్డదారిలో పాత స్టాకు దొరికితే సంబరపడి కొనేస్తున్నారు. సైడ్‌వాల్ మీద డాట్ కోడ్‌లో (డీఓటీ అని మొదలయ్యే తయారీ కోడ్) చివరి నాలుగు అంకెలు చూడండి. 2419 అని ఉంటే 2019లో 24వ వారం తయారైంది. ఎంత పెద్ద పేరున్న టైరైనా అంత పాతది వద్దు, రబ్బరు గట్టిబడుతుంది. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి.

ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 300, 500 అని కొన్ని టైర్ల మీద ఉంటుంది. ఆ అంకె వేసేది తయారు చేసిన కంపెనీయే. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య పోల్చడానికి కొంత పనికొస్తుంది, రెండు బ్రాండ్ల మధ్య పోలికకి నమ్మకండి. స్టార్ లేబుల్ చూసి గ్రిప్ బాగుంటుందనుకునే వాళ్లూ వస్తుంటారు. ఆ స్టార్లు ఇంధన పొదుపుకి సంబంధించినవి.

ఇక్కడ తయారయ్యే వాటిని తక్కువగా చూడొద్దు సార్. మీ తిరుపతి వైపే శ్రీసిటీ దగ్గర చిన్నపాండూరులో అపోలో ప్లాంట్ 2020లో మొదలైంది. ఇక్కడివే అయితే తాజా స్టాకు దొరుకుతుంది, వారంటీ క్లెయిమ్‌కి తిరగక్కర్లేదు.

బెల్లందూరు ఎన్‌లైన్:
అందరికీ చాలా థాంక్స్. ఈరోజు కొలిపించాను, వెనకవి 3 మిల్లీమీటర్లు చూపించాయి. నాలుగూ మార్చేస్తున్నా, 195/55 ఆర్16 లోనే. యూసీ6 తాజా స్టాకు దొరికితే అది, లేకపోతే ట్రిపుల్‌మాక్స్ 2. 15 అంగుళాల ఆలోచన నచ్చింది గానీ ఈ బండిలో స్టీరింగ్ చురుకుదనం వదులుకోలేను. తిరుపతి ప్రయాణం వచ్చే వారం.

సర్జాపూర్ టర్బో:
మీ ఇష్టం బ్రో. నేనైతే వచ్చేసారి కూడా 205 వేస్తా. మీరు నంది హిల్స్ ఎప్పుడొస్తారో చెప్పండి, రెండు బండ్లూ మార్చి నడిపి చూద్దాం.

కేఆర్ పురం మెకానికల్:
వారం ముందే బిగించుకోండి. కొత్త టైరు మీద అచ్చులోంచి ఊడిరావడానికి వాడిన పూత ఇంకా ఉంటుంది, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు పూర్తి పట్టు రాదు. ఆ దూరం సిటీలోనే నెమ్మదిగా తిప్పేసి అప్పుడు మొగిలి ఘాట్ దిగండి. వాల్వులు కొత్తవి వేయించండి, వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) రిపోర్ట్ కాగితం అడిగి తీసుకోండి. గాలి మాత్రం డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉన్నంతే, పొద్దున్నే బండి కదలకముందు చూడండి. నలుగురు, సామాను ఉంటే నిండు లోడుకి రాసిన అంకె ప్రకారం పెంచండి.