ఫైలు మోగకపోతే కోడెక్ ప్యాక్ వేయాలా, వద్దా?

పాతరేడియో: 2007లో మా అమ్మమ్మ పాడిన జోలపాటను ఫోనులో రికార్డు చేశాను. ఇప్పుడు కంప్యూటర్లో విండోస్ మీడియా ప్లేయర్ ఆ ఫైలును తెరవనంటోంది. పేరు చివర ఎంపీ3 అనే ఉంది. కోడెక్ ప్యాక్ (రకరకాల ఫైళ్లను విప్పి మోగించే డీకోడర్ల మూట) వేసుకోమని ఒకరు, దాని జోలికే పోవద్దని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

గోదావరిగట్టు: వేసుకోండి. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి నేను చేస్తున్నది అదే. ఇంతవరకు ఒక్క పాటా మొండికేయలేదు.

చింతచెట్టు: మీ అదృష్టం. మా ఇంట్లో ఒక ప్యాక్ మీద ఇంకోటి వేశాక, అంతకుముందు చక్కగా మోగిన పాటలు కూడా మూగబోయాయి. ఒకే రకం ఫైలుకు ఇద్దరు డీకోడర్లు పోటీపడితే పని ఎవరికి దక్కుతుందో మనకు తెలియదు. వీఎల్‌సీ అనే ప్లేయర్ తన డీకోడర్లను తనతోనే తెచ్చుకుంటుంది, విండోస్ సామాను ముట్టుకోదు. అయినా రోగమేమిటో చూడకుండా మందెందుకు? ఫైలు సైజు ఎంత?

పాతరేడియో: 328 కేబీ. పాట మూడున్నర నిమిషాలు ఉంటుందని గుర్తు.

చింతచెట్టు: మామూలు 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) ఎంపీ3 అయితే 3 ఎంబీ దాటాలి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొట్టమొదటి అక్షరాలు చూడండి. తక్కినదంతా పిచ్చిగీతలే, కంగారు పడకండి. సేవ్ మాత్రం నొక్కవద్దు, ఫైలు పాడవుతుంది.

పాతరేడియో: ఏఎంఆర్ అని ఉంది! అంటే ఇది ఎంపీ3 కాదు, పాత ఫోను రికార్డింగు రకం. పాత ఫోను నుంచి దించినప్పుడు మా తమ్ముడు పేరు మార్చాడు, ఇప్పుడు గుర్తొచ్చింది.

గోదావరిగట్టు: సరే, వీఎల్‌సీలో వింటారు. రేపు ఆ పాటను వీడియోలో కలపాలంటే? ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వెళ్లి వీఎల్‌సీని అడగదు కదా.

చింతచెట్టు: అది ఒప్పుకోవలసిన మాటే. అందుకే పేరు చివర ఏఎంఆర్ అని సరిచేసి, వీఎల్‌సీ మీడియా మెనూలో ఉన్న కన్వర్ట్‌తో వేవ్ ఫైలుగా (పిండి సైజు తగ్గించని రకం) మార్చుకోండి. ఎంపీ3 వద్దు. ఏఎంఆర్ పుట్టిందే ఫోను మాటల కోసం, శబ్దం నుంచి సెకనుకు 8,000 నమూనాలే తీస్తుంది. పిండినదాన్ని మళ్లీ పిండడం దేనికి? 320 కేబీపీఎస్ పెట్టినా లేని స్వరం రాదు. అసలు ఫైలును మాత్రం చెరపకండి.

పాతరేడియో: మోగింది! గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది గానీ అమ్మమ్మే. రెండో చరణం మధ్యలో కుక్కర్ ఈల కూడా పడింది.

గోదావరిగట్టు: చాలా సంతోషం. నా ప్యాక్ మాత్రం నేను తీయను.