రొవానియెమి మంచు ర్యాలీలో ఒక రోజు: స్టడ్లు, పార, టైమ్ కార్డు (తెలిసినవాళ్లు చెప్పండి)

మంచుబాట:
ఫిన్లాండ్‌లో రొవానియెమి చుట్టూ జరిగే ఆర్కిటిక్ ల్యాప్లాండ్ ర్యాలీ 1966లో మొదలైంది. ఊరు ఆర్కిటిక్ వలయాన్ని ఆనుకునే ఉంది. జనవరి నడిమికి పగలు సుమారు 4 గంటలే, మిగతాదంతా దీపాల వెలుగులో నడపాల్సిందే. సొంత డబ్బుతో చిన్న కారు దించే జట్టుకు ఒక పోటీ రోజు ఎక్కడెక్కడ దెబ్బతీస్తుందో అంతా ఒకచోట ఉండాలని ఈ చర్చ పెడుతున్నాను. మొదట టైర్ల సంగతి చెప్పండి.

స్టడ్‌లెక్క:
ప్రపంచ ఛాంపియన్‌షిప్ కార్లకు వాడే మంచు టైరు 15 అంగుళాల రిమ్ముది. వెడల్పు 205 మి.మీ. మాత్రమే, ఒక్కో టైరుకు 384 స్టడ్లు, అంటే ఐసును పట్టుకునే లోహపు మేకులు. సన్న టైరు పైనున్న మెత్తటి మంచును కోసుకుంటూ కిందున్న గట్టి ఐసును అందుకుంటుంది. వెడల్పు టైరైతే మంచు మీద తేలిపోతుంది. స్టడ్ మొత్తం పొడవు 20 మి.మీ., బయటికి కనిపించేది 7 మి.మీ. దాకా. మిగతాదంతా రబ్బరులోనే ఉంటుంది. జాతీయ తరగతుల లెక్క వేరు కాబట్టి ఆ ఏటి నిబంధనలు చూడకుండా టైర్లు కొనొద్దు.

స్టడ్ అరగడం కన్నా ఊడిపోవడమే పెద్ద బాధ. అది ఎక్కువగా స్టేజి (సమయం కొలిచే పోటీ దారి) మొదలయ్యే గీత దగ్గరే జరుగుతుంది. ముందు వెళ్లిన కార్లు అక్కడ ఐసును కంకర దాకా తవ్వేసి ఉంటాయి. చక్రం గిర్రున తిరిగిందా, రాయి స్టడ్‌ను పక్కకు లాగేస్తుంది. మొదటి 20 మీటర్లు యాక్సిలరేటర్ సగమే తొక్కండి, సెకను పోయినా ఫరవాలేదు. రెండో ముప్పు అదే స్టేజిలో రెండో రౌండు. చక్రాల గాళ్లు లోతుగా పడి కంకర తేలుతుంది. గాళ్లలో ఉండగా స్టీరింగ్ బలవంతంగా తిప్పితే స్టడ్ అడ్డంగా వంగి మొదలంటా వదులవుతుంది. నాలుగు చక్రాలూ లాగే కారులో ముందు టైర్లే తొందరగా పోతాయి కాబట్టి, రెండో రౌండుకు ముందు వాటిని వెనక్కి మార్చడం మంచిది.

సర్వీసుగుడారం:
గాలి సంగతి కూడా చేర్చండన్నా. వేడి చేసిన గుడారంలో 10 డిగ్రీల దగ్గర 1.8 బార్ పెట్టి, బయట మైనస్ 25లోకి పంపితే 0.3 బార్‌కు పైగా పడిపోతుంది. చలికి గాలి ముడుచుకోవడమే, లీకు కాదు. చక్రాలను కనీసం గంట బయట ఉంచాకే కొలవాలి.

ఇంజిన్‌లో చలికీ పల్చగా ఉండే 0డబ్ల్యూ (0W) రకం ఆయిల్ పోయండి. స్టార్ట్ కాగానే రేజ్ చేయొద్దు. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, డ్యాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) నూనె కూడా తేనెలా చిక్కబడి ఉంటుంది. అవి వేడెక్కేది కారు కదిలితేనే, నిలబెట్టి ఐడిల్‌లో తిప్పితే కాదు. బ్యాటరీ మైనస్ 18 దగ్గరికి వచ్చేసరికి దాదాపు సగం సత్తువే ఇస్తుంది.

నోట్స్‌పుస్తకం:
పక్కన కూర్చుని నోట్స్ చదివే కో-డ్రైవర్ వైపు నుంచి చెప్పాలంటే, రెక్కీలో (పోటీకి ముందు దారి చూసి నోట్స్ రాసుకునేటప్పుడు) మలుపు ఎంత వంకరో రాస్తే సరిపోదు, మంచుగట్టు ఎలాంటిదో కూడా రాయాలి. మంచు తీసే నాగలి బండి తోసి గడ్డకట్టిన గట్టయితే కారు వెనక భాగాన్ని కొంచెం ఆనించి తిప్పుకోవచ్చు. నిన్న రాత్రి పడిన మెత్తటి మంచయితే అది కారును లోపలికి లాగేస్తుంది. మొద్దు, బండరాయి దాగున్న చోట "ఆనొద్దు" అని విడిగా గుర్తు పెట్టండి. రెక్కీ మామూలు చలికాలపు టైర్లతో చేస్తారు కాబట్టి పట్టు అంచనా తప్పుతుంది. వేగం రాయకండి, ఆకారం రాయండి.

టైమ్ కార్డు, అంటే దారిలోని టైమ్ కంట్రోల్ (సమయం నమోదు చేసే చోటు) దగ్గర ఇచ్చే కార్డు, సంగతి తేలికే. 9:12కు బయల్దేరి తర్వాతి కంట్రోల్‌కు 38 నిమిషాలు ఇస్తే, కార్డు గడియారం 9:50 చూపించే ఆ ఒక్క నిమిషంలోనే అందించాలి. ఆలస్యమైతే నిమిషానికి 10 సెకన్లు, ముందే ఇస్తే నిమిషానికి 60 సెకన్లు పెనాల్టీ. తొందరపాటుకే శిక్ష ఎక్కువ.

మంచుబాట:
గట్టులో దిగబడితే ఏం చేయాలండీ?

పారబలం:
ముందు భద్రత. ఎర్ర త్రికోణం వెనక కార్లు వచ్చే వైపు, మన కారుకు కనీసం 50 మీటర్ల దూరంలో పెట్టాలి, ఎవరికీ దెబ్బ తగలకపోతే వచ్చే కార్లకు ఓకే (OK) అని రాసిన బోర్డు చూపించాలి. తర్వాతే పార.

అందరూ చేసే తప్పు చక్రాల ముందు తవ్వడం. కారును ఆపేది చక్రాలు కావు, పొట్ట కింద గట్టిపడిన మంచు. కారు బరువంతా దాని మీద ఉంటే స్టడ్లకు పట్టు ఎక్కడిది? ముందు పొట్ట కింద, పక్క అంచు వెంబడి తోడేయండి, తర్వాత వచ్చిన దారినే వెనక్కి లాగండి. అల్యూమినియం పార ఒకటి లోపలే, డిక్కీ తెరవకుండా చేతికందేలా బిగించుకోండి. డిక్కీ గట్టుకు ఆనుకుని ఉంటే మూత తెరుచుకోదు.

తోసే జనాన్ని చక్రాల వరసలో మాత్రం నిలబడనివ్వకండి. తిరిగే చక్రం స్టడ్‌ను విసిరితే ఒంట్లో దిగుతుంది.

సర్వీసుగుడారం:
బయటపడ్డాక రెండు చూడాలి. ఒకటి, ముందు గ్రిల్‌లో మంచు కూరుకుపోతే గాలి ఆడక ఇంజిన్ వేడెక్కుతుంది. లోపలి హీటర్ పూర్తిగా తిప్పితే కొంత వేడి బయటికి పోతుంది, స్టేజి దాటగానే చేత్తో తోడేయండి. రెండు, రిమ్ము లోపల మంచు అంటుకుని గడ్డకడితే కారు వణుకుతుంది. పంక్చరో, సస్పెన్షన్ విరిగిందో అనిపిస్తుంది. రబ్బరు సుత్తితో కొట్టి రాలిస్తే తగ్గుతుంది.

స్టడ్‌లెక్క:
గ్రిల్‌కు ఉల్టా కూడా జరుగుతుందండీ. మైనస్ 30లో రోడ్ సెక్షన్ (స్టేజిల మధ్య మామూలు రోడ్డు) మీద నెమ్మదిగా పోతుంటే ఇంజిన్ మరీ చల్లబడుతుంది. రేడియేటర్ కొంత భాగానికి టేపు వేస్తారు. స్టేజికి ముందు దాన్ని పీకేయడం మరిచిపోతే అదే ఇంజిన్ ఉడికిపోతుంది. టేపు సంగతి కో-డ్రైవర్ పుస్తకంలో మొదటి పేజీ మీదే రాసుకోవాలి.

నోట్స్‌పుస్తకం:
రాశాను, ధన్యవాదాలు. అద్దం గురించి ఒక మాట. లోపల ఆవిరి పట్టడానికి సగం కారణం మన బూట్లే. పాదాలు దులపకుండా ఎక్కితే ఆ మంచు కరిగి అద్దానికే చేరుతుంది. టైమ్ కంట్రోల్ నుంచి స్టేజి గీతకు ఉండేది 3 నిమిషాలే. బెల్టు, హెల్మెట్, దీపాలు, అద్దం అన్నీ అందులోనే కావాలి. ఇక మంచు కురుస్తుంటే పెద్ద దీపాలు ఆర్పేయండి. వెలుగు మంచుతునకలకు తగిలి తెల్లగోడలా తిరిగొస్తుంది, కింది దీపాలతోనే దారి బాగా కనిపిస్తుంది.

పారబలం:
జాకీ కింద 40 సెం.మీ. చదరం ప్లైవుడ్ పలక లేకపోతే జాకీ మంచులోకి దిగిపోతుంది, కారు లేవదు. నట్లు బిగించే ముందు మరల్లో మంచును వైరు బ్రష్‌తో దులపండి. ఐసు మీద బిగిసిన నట్టు అది కరగగానే వదులవుతుంది. టైరు మార్చాక మొదటి ఆగేచోట మళ్లీ బిగించాలి.

రాత్రి కారు నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు. వేడి బ్రేకుల మీద కరిగిన మంచు తెల్లారేసరికి గడ్డకట్టి ప్యాడ్లను పట్టేస్తుంది. గేరులో వదిలేసి చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టండి.