టాగూరు బొమ్మ ఉన్న నాణేలు: అమ్మాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది మదనపల్లె. నాన్నగారు పోయాక ఆయన బీరువా సర్దుతుంటే రవీంద్రనాథ్ టాగూరు బొమ్మ ఉన్న నాణేలు రెండు దొరికాయి. ఒకటి పసుపు రంగు 5 రూపాయల బిళ్ల. ఇంకోటి పెద్ద తెల్ల బిళ్ల, 150 రూపాయలని ఉంది, అంచు నల్లబడింది. 5 రూపాయలదానికే రెండు లక్షలిస్తానని ఒకతను ఫోన్ చేశాడు. ముందు రిజిస్ట్రేషన్‌కు 1,500 కట్టాలట. కట్టమంటారా? నలుపు పోవడానికి చింతపండుతో తోమవచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఒక్క రూపాయి కూడా కట్టకండమ్మా. పాత నాణేలు కొంటామంటూ తన పేరు, లోగో వాడి ఫీజులు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మీ 5 రూపాయల బిళ్ల మామూలు చెలామణీ కోసం చేసిందే. 23 మి.మీ., 6 గ్రాములు, నికెల్ ఇత్తడి. కిరాణా కొట్లో ఇస్తే ఐదు రూపాయలకు చెల్లుతుంది.

తెల్లది వేరే సంగతి. టాగూరు 150వ జయంతికి, 2011లో, సేకరించేవాళ్ల కోసం తెచ్చింది. 44 మి.మీ. వెడల్పు, 35 గ్రాములు. అందులో సగం, అంటే 17.5 గ్రాములు, వెండి. తెలిసిన కంసాలి దగ్గర కాటాలో తూయించండి. ఆ రోజు వెండి ధర కన్నా తక్కువకు మాత్రం ఇవ్వకండి. టంకశాల ఇచ్చిన పెట్టె ఉంటే దాన్నుంచి విడదీయవద్దు.

చింతపండు మాత్రం వద్దు. మా అమ్మ దాచిన వెండి నాణేన్ని నేను అలాగే తోమాను. రెండు నిమిషాల్లో తళతళలాడింది. కొనేవాడు లైటు కింద తిప్పి చూపిస్తే ముఖం నిండా వెంట్రుకల్లాంటి గీతలు! ఇప్పటికీ బాధే. అంచులు పట్టుకునే తీయండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పెడితే కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది.

ఇంకొకరి జవాబు:
మదనపల్లె వాళ్లా! అయితే అమ్మకండి అక్కా. 1919లో టాగూరు మీ ఊరి థియోసాఫికల్ కాలేజీలోనే బస చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తెచ్చారు. సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ ఆయన దగ్గర విని బాణీకి స్వరాలు రాశారు. శాంతినికేతన్‌లో ఆయన స్థాపించిన విశ్వభారతిలోని సంగీత భవనలో ఆయన పాటలు ఇప్పటికీ నేర్పుతున్నారు.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఆ నంబరు బ్లాక్ చేశాను. పెట్టె కూడా దొరికింది, నాన్న పంచెల మడతల్లో. రేపు తూయించి బరువు చెప్తాను.