రసాయనశాస్త్రం ప్రొఫెసర్ జీవితం నిజంగా ఎలా ఉంటుంది?

పరీక్షనాళిక (హనుమకొండ):
ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఉద్యోగం ఇస్తానంటోంది. నాకేమో పీహెచ్‌డీ చేసి పాఠాలు చెప్పాలని ఉంది. "ఇంకా ఎన్నేళ్లమ్మా ఈ చదువు?" అంటున్నారు నాన్న. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే రోజులు ఎలా గడుస్తాయో చెప్పండి. గొప్పలు వద్దు, ఉన్నది చెప్పండి.

కాజీపేట జంక్షన్:
నెట్ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తేనే దిగండి. 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు, రెండేళ్ల తర్వాత 42,000. నేను అది లేకుండానే చేరాను. ఐదో ఏడు నడుస్తోంది, ట్యూషన్లతో నెట్టుకొస్తున్నాను.

పాత గాజుసీసా:
అమ్మా, నేను రిటైరై ఎనిమిదేళ్లయింది. వరంగల్‌లోని ఉస్మానియా పీజీ సెంటర్ 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమైంది. నేను 1978లో చేరినప్పటికీ ఊళ్లో పెద్దవాళ్లు "సెంటర్‌లో చదువుతున్నావా?" అనే అడిగేవారు.

పీహెచ్‌డీలో మా గైడు మొదటి వారం ప్రయోగమే ఇవ్వలేదు. సన్నటి గాజు గొట్టాన్ని బున్సెన్ మంటలో తిప్పుతూ ఒక కొన మూయడం నేర్పారు. కొన బుడిపెలా ఉబ్బితే విరిచి పారేసేవారు. అందులో చిటికెడు పొడి దట్టించి, థర్మామీటరుకు కట్టి, లిక్విడ్ పారఫిన్‌లో మెల్లగా వేడి చేస్తూ కూర్చోవాలి. పొడి ముందు చెమ్మగిల్లినట్టు కనిపిస్తుంది, ఆపైన ఉన్నట్టుండి కరిగి తేటపడుతుంది. ఈ రెంటి మధ్య ఒక డిగ్రీ తేడా ఉంటే పదార్థం శుభ్రంగా ఉన్నట్టు. ఐదారు డిగ్రీలు సాగిందా, మళ్లీ మొదటికి.

ఎండాకాలం కష్టాలు వేరు. ఈథర్ అనే ద్రావణి 34.6 డిగ్రీలకే మరుగుతుంది, మన ఊళ్లో మే నెల ఎండ నలభై దాటుతుంది. సీసా మూత తీస్తే బుస్సుమనేది. అందుకే ఈథర్ పనులన్నీ తెల్లవారుజామునే. ముందురోజు సాయంత్రం షర్బత్ బండి దగ్గర ఐసుగడ్డ కొని, రంపపు పొట్టు, గోనెసంచి చుట్టి సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాణ్ణి. పొద్దుటికి సగం మిగిలేది. ఆవిరిని చల్లార్చే కండెన్సరుకు నీళ్లు కొళాయి నుంచే. అర్ధరాత్రి కొళాయి ఆగితే రెండు రోజుల పని ఆవిరి. నా థీసిస్ ఏడాది ఆలస్యమైంది కెమిస్ట్రీ వల్ల కాదు, నీళ్ల ట్యాంకు వల్ల.

పాఠాలు చెప్పినంతకాలం హాయిగానే గడిచింది. తర్వాత కమిటీలు, తనిఖీ ఫైళ్లు మీదపడ్డాయి. చివరి ఆరేళ్లు నా చేత్తో ఫ్లాస్కు పట్టలేదు, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. క్రోమిక్ ఆమ్లంతో నా చొక్కాలకు పడే చిల్లులు తప్పాయని మా ఆవిడ మాత్రం సంతోషించింది.

కంపెనీ ఉద్యోగం తక్కువదేమీ కాదు. ఒక్కటి చెప్పు: ఈమధ్య నీ ప్రయోగం ఏదైనా చెడితే, ఎవరూ అడగకుండానే మళ్లీ చేశావా?

రెండో పీరియడ్:
మాస్టారూ, మీ కాలంలో ఖాళీలు ఉండేవి. నేను పీహెచ్‌డీ పట్టా పట్టుకుని పదకొండేళ్లుగా ఒప్పంద అధ్యాపకుణ్ణే. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూలవేతనం 57,700 నుంచి మొదలని కాగితం మీద చదువుకోవడమే. అమ్మాయికి ఆ మాట కూడా చెప్పండి.

పాత గాజుసీసా:
నిజం. మరిచిపోయాననను, దాటేశాను. అమ్మా, ఆయన మాటను నా మాటకన్నా ముందు చదువుకో.

పరీక్షనాళిక:
చదివాను సార్. నాన్నకు కూడా వినిపించాను. మీ ప్రశ్నకు జవాబు: చేశాను. అనిలీన్‌తో డయాజో రంగు. బీటా నాఫ్తాల్‌లో కలిపితే నారింజ ఎరుపు రావాలి, గోధుమరంగు జిగురు వచ్చింది. రెండోసారీ అంతే.

పాత గాజుసీసా:
ఐసు చాలలేదు. 5 డిగ్రీలు దాటితే అనిలీన్ నుంచి వచ్చే డయాజోనియం లవణం విరిగిపోతుంది. నైట్రైట్ ద్రావణాన్నీ ముందే చల్లబరిచి చుక్కచుక్కగా పొయ్యి. థర్మామీటరు ఎక్కడ పెట్టావు, బీకరులోనా, చుట్టూ ఉన్న ఐసులోనా?

పరీక్షనాళిక:
ఐసులో సార్.