వినాయక పందిరికి మా అబ్బాయిని తీసుకెళ్లాలి, అపార్ట్‌మెంట్ వాళ్లతో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: గుంటూరు, బ్రాడీపేట నుంచి ఒక అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకి పదకొండేళ్లు, ఆటిజం. మాటలు తక్కువ, కానీ మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. పోయినేడాది చవితికి మా సెల్లార్‌లో పందిరి వేశారు. మైకు ఒక్కసారిగా మోగేసరికి వాడు చెవులు మూసుకుని గట్టిగా అరిచాడు, హారతి పళ్లెం తోసేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఒకావిడ "వచ్చే ఏడాది ఇంట్లోనే ఉంచండమ్మా, మీకూ ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు. కోపంగా అనలేదు, జాలిగానే అన్నారు. అదే నాకు ఎక్కువ బాధేసింది. అప్పట్నుంచి నేనూ కిందికి వెళ్లడం తగ్గించేశాను. పేరంటాలకి పిలవడం వాళ్లూ తగ్గించేశారు. చవితికి ఇంకా నెలన్నర ఉంది. ఈసారి వాడిని తీసుకెళ్లాలని గట్టిగా ఉంది. అసోసియేషన్‌లో ఎలా అడగాలి? చట్టం మాట ఎత్తాలా?

జవాబు: విజయవాడ, సత్యనారాయణపురం, పందొమ్మిదేళ్ల అమ్మాయి తల్లి

చెల్లీ, చట్టం మాట ఇప్పుడే వద్దు. అది నీ దగ్గర ఉంటుంది, ఎక్కడికీ పోదు. ముందు శ్రావణమాసం వస్తోందిగా, ఒక శుక్రవారం పేరంటానికి నువ్వే పిలువు. ఆ మాటన్నావిడని కూడా పిలువు. బాబుని గదిలో పెట్టి తలుపు వేయకు. నీ ఇంట్లో, వాడికి అలవాటైన చోట, వాడు ఎలా ఉంటాడో నలుగురు చూడనీ. వాళ్లు వాడిని ఇంతవరకు ఇబ్బంది పడుతున్నప్పుడే చూశారు, మామూలుగా ఉన్నప్పుడు చూడలేదు.

పందిరి విషయంలో "కాస్త సహకరించండి" అని అడిగితే అందరూ తల ఊపుతారు, ఎవరూ ఏమీ చేయరు. ఏం కావాలో విడమరిచి చెప్పు. సౌండ్ బాక్సు మెట్ల వైపు తిప్పొద్దని, మైకు ఆన్ చేసే ముందు నీకొక మాట చెప్పమని, బయటికి వెళ్లే దారి పక్కన రెండు కుర్చీలు ఉంచమని. ఇంకోటి, వాడు అరిస్తే చుట్టూ గుమిగూడొద్దని. మా అమ్మాయికి ఈ చివరి మాట ఒక్కటే సగం పని చేసింది.

వాడికి ఒక పని కూడా ఇప్పించు. మా వీధి పందిట్లో గుగ్గిళ్ల దొన్నెలు పంచేది మా అమ్మాయే. మొహాలు చూడదు, చేతులే చూస్తుంది. ఒక చెయ్యికి ఒక దొన్నె. ఎవరైనా భక్తిగా రెండు చేతులూ చాపితే ఆగిపోయేది, ఏ చేతిలో పెట్టాలో తెలియక. మొదటి ఏడాది నేను పక్కన నిలబడి చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు మా వీధి పిల్లలే కొత్తవాళ్లకి "ఒక చెయ్యే పెట్టండి, అక్కకి అలా ఇష్టం" అని చెప్తున్నారు.

జవాబు: భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) పిల్లలకి చెప్పే టీచర్

అక్క చెప్పినదానికి ఒక మాట కలుపుతానండి. పండగ రోజు నేరుగా తీసుకెళ్లకండి. రాటలు పాతే రోజు మధ్యాహ్నం, మైకు లేనప్పుడు, ఒక పది నిమిషాలు దింపండి. మర్నాడు మళ్లీ. పోయినేడాది పందిరి ఫోటోలుంటే వరసగా పెట్టి రోజూ చూపించండి: మెట్లు దిగుతాం, దేవుణ్ణి చూస్తాం, ప్రసాదం తీసుకుంటాం, పైకి వస్తాం. "పైకి వస్తాం" అనే ఫోటో తప్పకుండా ఉండాలి. ఎప్పుడు అయిపోతుందో తెలియకపోవడమే పిల్లలకి పెద్ద టెన్షన్.

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దేశమంతటా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) ఉన్నాయా? లేకపోతే సదరం స్లాట్ కోసం వార్డు సచివాలయంలో అడగండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని ప్రభుత్వ బడిలో గానీ, మీరు కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 31.

జవాబు: విజయవాడ, చక్రాల కుర్చీలో తిరిగే ఒకతను

మీ సెల్లార్‌కి ర్యాంప్ గురించి కూడా ఇప్పుడే అడగండమ్మా. మీ బాబుకి అవసరం లేకపోవచ్చు, పై అంతస్తు తాతగారికి ఉంటుంది. అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంప్ కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. చాలాచోట్ల పండగ పూట ఒక చెక్క అడ్డంగా పడేసి ర్యాంప్ అంటారు. దాని మీద నేను వెనక్కి పడ్డాను ఒకసారి. సరైన ర్యాంప్ ఉన్నచోట కూడా దాని ముందు బైకులు పెడతారు. నన్ను మోయడానికి నలుగురు వస్తారు, మంచి మనసుతోనే. కానీ నాకు కావలసింది ఆ బైకు పక్కకి జరగడం.

జవాబు: గుంటూరు, అసోసియేషన్ సెక్రటరీగా చేసిన పెద్దాయన

అమ్మా, వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. అక్కడ పెడితే వాదన అవుతుంది. చందాల మీటింగ్‌కి ముందే సెక్రటరీ ఇంటికి వెళ్లి కూర్చుని చెప్పండి. సౌండ్ వాడికి అడ్వాన్స్ ఇవ్వకముందే చెప్తే బాక్సులు తగ్గించడం తేలిక, తర్వాత కష్టం. నా హయాంలో మా దగ్గరా మీలాంటి కుటుంబం ఉండేది. వాళ్లని బాధపెట్టకూడదని మేము వాళ్లతో ఆ సంగతే మాట్లాడేవాళ్లం కాదు. అది తప్పని ఆలస్యంగా తెలిసింది నాకు.

ఒకవేళ "తీసుకురావద్దు" అని ఖరాఖండిగా చెప్పేస్తే అప్పుడు కాగితం మీద రాసివ్వండి. టీచర్‌గారు చెప్పిన ఆ 2016 చట్టంలోనే సెక్షన్ 3 వివక్ష కూడదంటుంది, సెక్షన్ 5 అందరితో కలిసి బతికే హక్కు ఉందంటుంది. వినకపోతే వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. అంతదాకా రాదనే నా నమ్మకం.

ప్రశ్న అడిగిన అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఇంకొక్కటి. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. తమ్ముడి వల్ల ఫ్రెండ్స్‌ని ఇంటికి రమ్మనదు. దానికి ఏం చెప్పాలి?

జవాబు: సత్యనారాయణపురం తల్లి

ఏమీ చెప్పకు, దాన్ని అడుగు. ఏం ఇబ్బందిగా ఉందో చెప్పనీ, "తమ్ముడు కదా, సర్దుకో" అనకుండా విను. వారానికి ఒక సాయంత్రం వాడిని వాళ్ల నాన్నకి అప్పగించి, నువ్వూ అదీ ఇద్దరే బయటికి వెళ్లండి. నేను మా పెద్దాడికి ఆ టైమ్ ఇవ్వలేదు. ఇప్పటికీ నాకది గుచ్చుకుంటుంది.

ప్రశ్న అడిగిన అమ్మ, ఐదు వారాల తర్వాత

నిన్న రాటలు పాతారు. సెక్రటరీగారు ఒక్కటే బాక్సు మాట్లాడారు, అదీ రోడ్డు వైపు. మధ్యాహ్నం దిగాం. వాడు షామియానా తాడు చివర పట్టుకుని నిలబడ్డాడు. పని చేసే కుర్రాడు లాక్కోకుండా "గట్టిగా పట్టుకో నాన్నా" అని, ముడి వేసేదాకా వాడి చేతిలోనే ఉంచాడు. కాసేపటికి నా కొంగు లాగాడు, పైకి వచ్చేశాం. పేరంటానికి ఆరుగురిని పిలిస్తే నలుగురు వచ్చారు. పోయినేడాది ఆ మాటన్నావిడ రాలేదు. రేపు ప్రసాదం తీసుకుని నేనే వెళ్తాను.

టీచర్‌గారూ, చెవులకి పెట్టే మఫ్స్ కొన్నాం, పెట్టగానే పీకేస్తున్నాడు. ఏం చేయాలి?

జవాబు: టీచర్

తల మీద పెట్టకుండా ముందు చేతికివ్వండి. మీరు పెట్టుకోండి, వాళ్లక్క కూడా పెట్టుకోవాలి. తర్వాత వాడికి ఇష్టమైన వీడియో చూసేటప్పుడు ఒక్క నిమిషం పెట్టి, వాడు తీయకముందే మీరు తీసేయండి. రోజుకి నాలుగైదుసార్లు చేయండి. చవితి నాటికి కాకపోతే ఆరోజు దూదితో సరిపెట్టండి.